కుడిచేతి దడి

గుంటూరులో ఫ్యాను కింద చల్లగా కూర్చున్న రామచంద్రమూర్తి మేష్టారికి,

ఊళ్లో మీ పక్కింటి గఫూర్ నమస్కారాలు. ఫోన్లో అడిగితే "ఏదున్నా రాతపూర్వకంగా చెప్పవయ్యా" అని పెట్టేశారు. అందుకే రాస్తున్నాను.

మన రెండిళ్ల మధ్య దడి పడిపోయింది. పత్తి కంప పుచ్చి పొడైపోయింది. బజార్లో మేకలన్నీ తాళం వేసిన మీ దొడ్లోకి దూరి, అక్కణ్ణించి నా పెరట్లో ఆరబోసిన మిరపకాయల మీదికి వస్తున్నాయి. అవి తొక్కితే గింజలు రాలిపోయిన కాయని మిర్చి యార్డులో ఎవడు చూస్తాడండీ? ఏడాది కష్టం అది!

మన బజారు కట్టుబాటు మీకు నేను చెప్పాలా? గుమ్మంలో వీధికేసి నిలబడితే కుడిచేతి దడి మనది, ఎడమచేతిది పక్కింటివాళ్లది. ఇది మీ కుడిచేతిది. వెంటనే కట్టించండి.

ఇట్లు,
గఫూర్

తా.క.: ఒక మేక మీ తులసికోట ఎక్కి నాకేసి చూస్తోంది. దించుదామంటే అది మీ స్థలం, పిలవకుండా నేనెలా వస్తాను?

*

చిరంజీవి గఫూర్‌కి ఆశీస్సులు.

కట్టుబాటు చక్కగా రాశావు, సంతోషం. అయితే దక్షిణ గుమ్మం అచ్చిరాలేదని సిద్ధాంతి గారు చెబితే, దాన్ని మూయించి వెనకవీధి వైపు కొత్త గుమ్మం పెట్టించాను కదా. దగ్గరుండి సిమెంటు బస్తాలు దింపించింది నువ్వే. ఇప్పుడు నా గుమ్మంలో నిలబడితే ఆ దడి ఎడమచేతికి వస్తుంది. కాబట్టి అది నాది కాదు. కట్టుబాటంటే కట్టుబాటే.

శ్రేయోభిలాషి,
మూర్తి

తా.క.: ఆ మేక ఎవరిదో కనుక్కోమని మా ఆవిడ శ్యామలాంబ అంటోంది. తులసి తిన్నదా, ఊరికే ఎక్కిందా?

*

మేష్టారూ,

నమస్కారం కూడా పెట్టబుద్ధి కావడం లేదు. మీ గుమ్మం తిరిగితే నా గుమ్మం తిరిగిందా? అది ముందువీధికే ఉంది. ఆ దడి నాకు ఎడమ, మీకూ ఎడమేనా? మరి ఎవరిదండీ అది, ఆ మేకలదా?

తీర్పు చెప్పమని మన బజారు పెద్ద హుస్సేన్ సాహెబ్ గారిని తీసుకొచ్చాను. ఎండలో మీ గుమ్మంలో ఒకసారి, నా గుమ్మంలో ఒకసారి నిలబడి, తన రెండు చేతులూ చూసుకుని, "నాకు బీపీ ఉంది, నన్నొదిలెయ్ రా" అని వెళ్లిపోయారు.

కడుపు మండుతున్న,
గఫూర్

తా.క.: మా ఆవిడ జహీరున్నీసా కర్ర పట్టుకుని కాయ దగ్గర కాపలా కూర్చుంది. వంట నేనే చేస్తున్నాను. ఇది కూడా మీ వల్లే.

*

గఫూర్,

గుమ్మం తిప్పాకే నాకు గుంటూరు బదిలీ వచ్చింది. ఇప్పుడు మళ్లీ తిప్పి దాచేపల్లి అవతలి పాత బడికే పొమ్మంటావా? దడి మీద నీకంత మమకారం ఉంటే నీ గుమ్మమే తిప్పుకో, కుడిచేతికి వచ్చి కూర్చుంటుంది! ఇక ఈ సంగతి నాకు రాయకు.

మూర్తి

తా.క.: పప్పులో ఉప్పు ముందే వేస్తే ఉడకదని నీకు చెప్పమంది శ్యామలాంబ.

*

మేష్టారికి,

మీరు ఎగతాళికే రాశారని తెలుసు. అయినా రోషం వచ్చింది. తిప్పేశాను! మేస్త్రీ జక్రయ్య గోడ పగలగొట్టి వెనకవీధి వైపు గుమ్మం నిలబెట్టాడు. దడి నా కుడిచేతికి వచ్చింది. చీమకుర్తి నుంచి రాతి స్తంభాలు తెప్పించి, పాతించి, ముళ్లతీగ లాగించాను. మేకలే కాదు, ఇక మీరూ ఇటు రాలేరు. మిగిలిన కాయ భద్రంగా గోనె టిక్కీల్లోకి ఎత్తాను. నా పరువూ నిలబడింది.

ఒక్కటే చిక్కు. అవతలి పక్కింటి ఎలీసమ్మ నిన్న ఉత్తరం ఇచ్చింది. మా రెండిళ్ల మధ్య దడి పడిపోయిందట. అది నా కుడిచేతిదట, వెంటనే కట్టించాలట. ఎంత అన్యాయమండీ! నేను గుమ్మం తిప్పాక అది ఎడమచేతిది కాలేదూ? కట్టుబాటంటే కట్టుబాటే కదా?

ఆవిడకి పద్ధతిగా జవాబు రాయడం నాకు చేతకాదు. అందుకని మీ మొదటి ఉత్తరమే పేర్లు మార్చి దించేసి పంపాను. "చిరంజీవి" ఒక్కటి కొట్టేశాను, ఆవిడ నాకన్నా పెద్దది.

మీ శిష్యుడు,
గఫూర్

తా.క.: ఆవిడ మళ్లీ రాస్తే ఏం చెప్పాలో మీరే రాసి పంపండి. మీ రెండో ఉత్తరం మాత్రం పంపను. గుమ్మం తిప్పుకోమంటే ఎలీసమ్మ నిజంగా తిప్పేస్తుంది. అలా ఒక్కో ఇల్లూ తిరుగుతూ పోతే బజారు చివర పడిపోయే దడి మీ బావమరిది ఆత్రేయ గారిది. ఆయన ఉత్తరాలు రాయరు, సామాను సర్దుకుని నేరుగా గుంటూరు మీ ఇంటికే వస్తారు.