కోన్ల మధ్య నీ కారు

చిట్టితల్లికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ నాన్నా, నీ చిన్న కారూ కులాసా. కొత్త ఉద్యోగంలో నువ్వూ వేళకు తింటూ కులాసాగా ఉన్నావని నమ్ముతున్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. వచ్చే ఆటోక్రాస్ కోసం, అదే, మీ నాన్న భాషలో కోన్ల చుట్టూ మెలికలు తిరిగే కారు పందెం కోసం, నీ పొడుగు స్నేహితురాలికి తాళాలు ఇచ్చానా అన్నది మాత్రం చివర రాస్తాను. బరువు తగ్గడానికి స్టెప్నీ, జాకీ, మ్యాట్లు తీసేశాను. సీటు కింద నీ చెప్పులు మూడు దొరికాయి. నాలుగోది ఎక్కడుందో నువ్వే చెప్పాలి.

ముందు చక్రాల బ్రేకులకు మెకానిక్ అన్నయ్య కొత్త ప్యాడ్లు వేశాడు. టైర్లలో గాలి సంగతి నేనే చూసుకున్నాను. నువ్వు రాసినట్టే టైరు అంచున సుద్దముక్కతో గీత గీసి, వీధి చివరి ఖాళీ స్థలంలో గట్టిగా మలుపు తిప్పి చూడటం. సుద్ద మరీ పక్కకి చెరిగిపోతే గాలి చాలనట్టు. కొంచెం ఎక్కించి మళ్ళీ గీత. పిండి తడిపినట్టే, ఒకేసారి పోసేస్తే చెడుతుంది. మీ నాన్న గేటు దగ్గర నిలబడి, "ఏంటోయ్, టైర్లకి పౌడరు రాస్తున్నావా? ఫొటో తీయిద్దామనా?" అన్నారు.

ఇక మొన్నటి పోటీలో నీ స్నేహితురాలు ఎలా నడిపిందని అడిగావు. నడిపింది తను కాదు, తల్లీ. నేను.

ఆ ఉదయం తను జ్వరమని ఫోను చేసేసరికి మేం మైదానంలో ఉన్నాం. "ఏం చేద్దాం చెల్లెమ్మా, వెనక్కి పోదామా?" అన్నాడు మెకానిక్ అన్నయ్య. "ఆ హెల్మెట్ ఇటివ్వు" అన్నాను. సుద్ద చెరిపిన మలుపులన్నీ తిప్పింది నేనే. అప్పుడే రుచి మరిగాను.

మొదటి పరుగు సగం దాకా బాగానే సాగింది. ఒక మలుపులో వెనక చక్రం తగిలి కోను పడింది. అద్దంలో అది అలా పొర్లుతుంటే నా ప్రాణం ఒప్పలేదు. కారు ఆపి, దిగి, దాన్ని నేల మీద దానికోసం గీసిన గడిలో సరిగ్గా నిలబెట్టి మళ్ళీ ఎక్కాను. మైదానమంతా ఒకటే ఈలలు. పోటీ నడిపించే ఆయన మైకులో, "అమ్మా, కోన్లు మేం ఎత్తుకుంటాం, మీరు నడపండి!" అని అరిచాడు. మీ నాన్న పక్కవాళ్ళతో, "ఇంట్లోనూ ఇంతే. నేను పేపరు చదివేలోపు మడతపెట్టేస్తుంది" అన్నారట.

రెండో పరుగులో కూడా ఒకటి పడింది. పళ్ళు బిగబట్టి ముందుకే చూశాను. చివరి నుంచి రెండో స్థానం నాది. చివరాయన దారి తప్పాడులే.

ఇప్పుడు తాళాల సంగతి. ఆ అమ్మాయి నిన్న వచ్చింది. జ్వరం పూర్తిగా తగ్గింది. టీ ఇచ్చాను, కబుర్లు చెప్పాను, తాళాలు ఇవ్వలేదు. "మా అమ్మాయిని ఒక మాట అడిగి చెబుతానమ్మా" అన్నాను. తను నా మొహంలోకి చూసి, "ఆంటీ, మీరే నడుపుతారా ఏంటి కొంపదీసి?" అని నవ్వింది. నేను నవ్వలేదు.

కారు నీది, తనకి మాటిచ్చింది నువ్వు. నువ్వు ఇచ్చేయమంటే ఇచ్చేస్తాను, మనసు కష్టపెట్టుకోను అని రాయబోయి ఆగాను. కష్టపెట్టుకుంటాను. అది తెలిసే జవాబు రాయి.

ఇట్లు,
హెల్మెట్ పట్టడం కోసం కొప్పు మెడ మీదికి దించుకున్న
మీ అమ్మ