కొరియా పిల్లల పుస్తకాలను తిరిగి మేడ మీదికి మోయించుట గురించి

సెరి కెనంగా పౌర గ్రంథాలయాధికారి శ్రీ రాజన్ గారి సముఖమునకు,
బంటింగ్ నివాసి, అప్పలసామి కుమారుడు గోవిందసామి రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మేడ మీది కొరియా భాషా పుస్తకాలను కిందికి దింపి, వచ్చే శుక్రవారం చెత్త లారీకి ఎక్కించబోవుట – అభ్యంతరం తెలుపుట, బాధ్యులకు శిక్ష కోరుట.

నేను మాట తక్కువ మనిషిని. బడిలో కూర్చున్నది కొద్ది కాలమే. ఇంటి ఖర్చులు రోజూ రాసుకుంటూ అక్షరం నిలుపుకున్నాను. తమరి బల్ల ముందు నలుగురూ నవ్విన రోజు నాకు మాట సాగలేదు కనుక, చెప్పవలసినది ఇక్కడ వరుసగా విన్నవించుకుంటున్నాను.

1. సదరు పుస్తకాలు ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసిన కొరియా ఇంజనీర్ల కుటుంబాలు స్వదేశం వెళ్తూ ఇచ్చిపోయినవి. వాటిలో ఎక్కువ పిల్లల కథలు. నా కోడలు హేజిన్ కొరియా దేశస్థురాలు. తండ్రికి పక్షవాతం వచ్చి, చూసుకునేవారు లేక అక్కడికి వెళ్ళింది. నా కొడుకు ముగిలన్‌ది షిఫ్టు పని. మనవరాలు అబిగెయిల్ బడి చెడకూడదని నా దగ్గర ఉంది. శనివారం వస్తే ఇద్దరం క్లాంగ్ బస్సెక్కి తమ గ్రంథాలయానికి వచ్చేవాళ్ళం. కొరియా అక్షరాలు నేను సొంతంగా నేర్చుకున్నాను. శబ్దం పలుకుతాను, అర్థం తెలియదు. నేను చదువుతాను, పిల్ల మాట చివర ఈ ఊరి 'లా' తగిలించి మరీ దిద్దుతుంది.

"తాతా, పులి అలాగ పలకదు లా! గొంతులోంచి రావాల. హొరంగి!"

"హొరంగి."

"అయ్యో, నీ పులికి జలుబు సేసింది."

హొరంగి అంటే వారి భాషలో పులి. తల్లి భాష ఆ పిల్ల నోట నిలిచినది ఈ విధంగా.

2. ఆ పుస్తకాల మీద 'ఇంటికి ఇవ్వబడవు' అని ముద్ర వేయించినది తమ కార్యాలయం. ఒక్కటి కూడా ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు గనుక ఎవరికీ అక్కర లేదని తేల్చినదీ తమ కార్యాలయమే. మేము బల్ల దగ్గర కూర్చుని చదివిన శనివారాలు ఏ పద్దులోనూ పడలేదు.

3. పిమ్మట 'కొరియా పుస్తకాల వినియోగదారులకు ఏమి కావాలి?' అని తమరు సర్వే పెట్టినారు. అబిగెయిల్ సంతోషపడి, పెన్సిలు చెక్కుకుని మరీ వచ్చింది. పిల్ల చేతిలోని కాగితాన్ని తమరు లాక్కుని, జాతి గడిలో 'ఇండియన్' అని గుర్తు పెట్టి, ప్రశ్నల పేజీ తిప్పకుండానే పక్కన పడేసినారు. జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు:

"ఈ పెస్నలు కొరియన్ వాళ్ళకి మామా. ఈ ఊళ్ళో కొరియన్ వాళ్ళెవరూ లేరు లా."

"ఈ పిల్ల తల్లి కొరియా మనిషి బాబూ."

"తండ్రి పేరేటి? ముగిలన్. అయితే ఇండియన్. కంప్యూటర్ అదే తీసుకుంటాది."

"పిల్ల సదువుతాది బాబూ. ఒక్క ముక్క అడిగి సూడు."

"పిల్ల సంగతి సరే, నీకేటి పని మామా? ఈ వయసులో కొరియా సీరియల్లో ఈరో ఏసం కడతావేటి?"

బల్ల చుట్టూ ఉన్నవారంతా నవ్వినారు. కోగిలవాణి అనే ఉద్యోగిని మాత్రం నవ్వలేదు. కావున ఆమెను ఈ అర్జీలోని శిక్షల నుండి మినహాయించవలెను. అబిగెయిల్ తన పెన్సిలు తీసి సంచిలో పెట్టుకుంది. ఇంటికి చేరేదాకా కిటికీ వైపే చూసింది.

4. ఆ అలమరలు ఉన్నచోట ఇప్పుడు కాగితంతో చేసిన పూల చెట్టు నిలబెట్టినారు. అద్దెకు తెచ్చిన కొరియా దుస్తులు తొడుక్కుని కుర్రకారు ఫొటోలు దిగుతున్నారు. సర్వేలో తేలిన అవసరం ఇదేనని బోర్డు కూడా ఉంది. దిగనీయండి, వాళ్ళ మీద నాకు కోపం లేదు. పుస్తకాలు మాత్రం మెట్ల కింద, నేల తుడిచే బకెట్ల పక్కన, తాళ్ళతో కట్టి ఉన్నాయి. పై కట్టలోని పుస్తకం అప్పుడే తడిసింది.

5. ఇది రాయడానికి నాకు మనసు లేదు. కానీ రాయకపోతే తమరికి తెలియదు. మా శనివారం చదువు ఆగిపోయిన తరువాత ఒక ఆదివారం హేజిన్ ఫోన్ చేసి బిడ్డను ఏదో అడిగింది. పిల్ల నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తాతా, మాట రాటం లేదు. నువ్వు సెప్పు."

నాకు మాత్రం ఏమి వచ్చు? కంఠతా వచ్చిన పులి పేజీ ఒక్కటి ఉంది. అదే చదివినట్టు చెప్పినాను. హేజిన్ మలాయ్ భాషలో అడిగింది, మామయ్యా, మీరు చెప్పినదానికి అర్థం తెలుసా అని. తెలియదమ్మా అన్నాను. పులి తప్పిపోయిన తన పిల్లను వెతుక్కుంటోంది అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

తమరి మీద నాకు పగ పుట్టినది ఆ నిమిషంలో. అది తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

కావున నేను కోరునది:

(క) శుక్రవారం వచ్చే లారీని ఖాళీగా తిప్పి పంపవలెను.

(ఖ) ఆ కట్టలను తమరే, తమ చేతులతో, మెట్ల మీదుగా పైకి మోయవలెను. ప్యూనును పిలవరాదు. లిఫ్టు వాడరాదు.

(గ) తదుపరి తమరు పిల్లల ముక్కాలిపీట మీద కూర్చుని, అబిగెయిల్ చదివిన ప్రతి వాక్యాన్నీ బిగ్గరగా తిరిగి పలకవలెను. ఆమెకు ఎంతసేపు నవ్వు వస్తే అంతసేపు నవ్వనీయవలెను. ఆ రోజు నవ్విన సిబ్బంది అందరూ హాజరుండవలెను.

(ఘ) ముద్ర కొట్టివేసి, పుస్తకాలు ఇంటికి ఇప్పించవలెను. మొదటి పుస్తకం ఆ పిల్లకే.

ఈ అర్జీ తెలుగులో ఎందుకు ఉన్నదని తమరికి సందేహం రావచ్చు. వినియోగదారులు తమ భాషలోనే రాయవచ్చునని, ప్రతి అర్జీకీ జవాబు ఇస్తామని తమ గోడ మీదే అంటించి ఉంది. తమరికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఆఫీసులో చదివేవారు ఎవరూ లేరు. చేతిలో పుస్తకం ఉండి, చదివేవారి కోసం ఎదురు చూడడం ఎలా ఉంటుందో తమరు కొంచెం అనుభవించవలెనని నా కోరిక. ఇటువంటిది రోజుకొకటి రాయగలను. నా చేతికి అలవాటే.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. చిత్తగించనిచో రేపటిది కూడా ఇదే చేతిరాతలో చేరును.

ఇట్లు,
పుస్తకాలు పైకెక్కువరకు మాత్రమే తమ విధేయుడు,
అ. గోవిందసామి

తా.క. పచ్చయమ్మక్కా, నీ కొడుకు రాజన్ ఈ కాగితం నీ దగ్గరికే అట్టుకొస్తాడని నాకు తెలుసు. ఎస్టేటు తెలుగు బడిలో నా పక్క వరసలో కూకుని సదువుకున్నావు. ఇప్పుడు బంటింగులో ఇది సదవగలిగినోళ్ళు ఇంకెవరున్నారు? కళ్ళజోడు ఎట్టుకో. మజ్జిలో ఆడు 'సాల్లేమ్మా' అనుంటాడు. ఆపకు. మూడో నెంబరు మళ్ళీ మొదట్నుంచి సదువు, గట్టిగా, పక్కింటోళ్ళకి ఇనపడేటట్టు. ఆడి పెళ్ళాం వంటింట్లో ఉంటే పిలిసి కూకోబెట్టు. రోజూ మద్దేనం అన్నానికి నీ ఇంటికే వస్తాడు కదా. శుక్రవారం లోపల ఆ పుస్తకాలు మేడెక్కినాయని అబిగెయిల్ నోటితో నీకు సెప్పేదాకా, ఆడి కంచం బోర్లించే ఉంచు.