పిన్ని బుగ్గ మీద మచ్చ

పిన్నీ,

ఫోన్లో చెబితే "నీదంతా చాదస్తమే" అని నవ్వేస్తావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

గోడకి పెట్టుకుంటానని నువ్విచ్చిన రెండు ఫోటోలూ, నిరుటిదీ మొన్నటిదీ, నేను నేర్చుకుంటున్న ఫోటోల క్లాసులో కంప్యూటర్ మీద సరిచేస్తున్నాను. "ఆ పుట్టుమచ్చ తీసెయ్యవే, పదేళ్లు చిన్నదాన్నవుతాను" అన్నావు కదా. నిరుటి ఫోటోలో పక్కనున్న చర్మం నుంచి చిన్న ముక్క కాపీ చేసి మచ్చ మీద అతికించాను. చక్కగా కప్పేసింది. మొన్నటి ఫోటోలో నీ ముఖాన్ని సరిగ్గా అదే కొలతకి తెచ్చి, అంతే ముక్క వేశాను. చాల్లేదు. చుట్టూ నల్లటి అంచు మిగిలిపోయింది.

నేనే వంకరగా వేశాననుకుని మళ్లీ చేశాను. మళ్లీ అంతే. మాస్టారిని పిలిస్తే, వంగి చూసి, "నీ ముక్క సరిగ్గానే ఉందమ్మా, మచ్చే పెరిగింది. ఈవిడ నీకేమవుతారు?" అన్నారు. "మా పిన్ని" అన్నాను. దురదగా ఉందంటూ నువ్వు అక్కడే గోక్కోవడం గుర్తొచ్చింది.

ఏమీ కాకపోవచ్చు. కానీ పెరిగే మచ్చని, దురద పెట్టే మచ్చని వెంటనే డాక్టరుకి చూపించుకోవాలంటారు. అమ్మకి ఇంకా చెప్పలేదు, చెబితే నాకంటే ముందు తనే పడిపోతుంది.

ఈ ఉత్తరం అందిన రోజే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లు. బాబాయిని వెంట తీసుకెళ్లు; ఒక్కదానివే అయితే గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేస్తావు. మచ్చ తీయని ఫోటోలు రెండూ కవర్లో పెట్టాను. డాక్టరుకి అవి చూపించు.

అందంగా చేసినవి నా దగ్గరే ఉన్నాయి. నువ్వు చూపించుకున్నావని బాబాయి నోటితో చెబితేనే ఇస్తాను.

భయంతో,
నీ అక్క కూతురు