మేనల్లుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోనిది ఇందుకే

బెంగళూరు,
ఆదివారం

ప్రేమగల అక్కకు,

తమ్ముడు రమణ నమస్కరించి రాసేది. నేను బాగున్నాను. ఈసారి ఆ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు, నిజంగానే బాగున్నాను. నువ్వు, బావ, చిన్నోడు ఎలా ఉన్నారు? నాయన మోకాలి నొప్పి తగ్గిందా? కుందుర్పిలో వాన పడిందా? ఇక్కడ రోజూ తుంపరే. బేకరీలో నా పని పొయ్యి దగ్గర కాబట్టి చలి తెలియదు. బన్నులు తిని తిని మొహం మొత్తింది, ధ్యాసంతా నీ చేతి సంగటి మీదే.

ఇక నీ కోపం సంగతి. చిన్నోడికి పుట్టెంట్రుకలు తీసేటప్పుడు నడుము నొప్పి అని తప్పుకున్నాను. "మేనమామ ఎదురుగా ఉండంగానే నా బిడ్డను ఇంకొకరి ఒళ్ళో కూర్చోబెట్టిస్తివి కదరా" అని నువ్వు ఏడ్చావు. ఆ నొప్పి అబద్ధం అక్కా.

అంతకు వారం ముందు మా బేకరీ మేస్త్రీ భార్య కాన్పుకని రక్తం ఇచ్చాను. ఆసుపత్రివాళ్ళు పిలిపించి, నా రక్తంలో హెపటైటిస్ సి అని వచ్చిందన్నారు. కాలేయానికి పట్టే జబ్బట. మిగతాది నా చెవికెక్కలేదు. ఆ రోజే కంచం, చెంబు వేరు పెట్టుకున్నాను. బిడ్డకు అంటిస్తానేమోనని చచ్చేంత భయపడ్డాను.

ఊరినుంచి వచ్చాక ధైర్యం చేసి మళ్ళీ ఆ ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి నర్సమ్మది మన కళ్యాణదుర్గమే.

"ఏమప్పా, సగం విని పారిపోతే ఎట్ల? జబ్బు ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే ఈ పరీక్ష చెప్తాది. ఇప్పుడు ఉండాదో లేదో తెలిసేదానికి ఇంకోటి ఉండాది" అంది. ముట్టుకుంటే, కలిసి తింటే అంటదట. రక్తంతోనేనట. "బిడ్డను ఎత్తుకోకుండా వచ్చినావా, పిచ్చోడా" అని తిట్టింది కూడా.

రెండో పరీక్షలో వైరస్ కనబడలేదు. ఆరు నెలలాగి మళ్ళీ చేశారు. నిన్న కాగితం వచ్చింది, ఇప్పుడూ లేదు. కొందరికి మందు లేకుండానే పోతుందట. మొదటి పరీక్ష మాత్రం ఇకమీదట ఎప్పుడు చేసినా ఉన్నట్టే చూపుతుందట, రక్తం ఇవ్వకూడదట. ఆ నర్సమ్మకు చేతులెత్తి మొక్కాను. ఈ కాగితం వచ్చేదాకా నీకు చెప్పకూడదనుకున్నాను, నీ కోపం భరించాను. చిన్నోడి చెవులు కుట్టించేటప్పుడు ఒళ్ళో నేనే కూర్చోబెట్టుకుంటాను. కొత్త సూదే వాడాలని ఇప్పుడే చెప్పి పెట్టు.

ఇంకొక్క మాట. అంగడి ఫోన్‌లో చెబితే పది మంది వింటారని రాస్తున్నాను. ఇది ఎలా వచ్చి ఉంటుందని నర్సమ్మ అడిగితే, చిన్నప్పుడు జ్వరాలకు మన ఊరి డాక్టరు వేసిన సూదులు గుర్తొచ్చాయి. వేణ్ణీళ్ళలో ముంచి అందరికీ ఒకటే వేసేవాడు. ఆయనను తిట్టబుద్ధి కాదు, ఆయనకు తెలిసింది అంతే. నేను ఏడుస్తానని ప్రతిసారీ నువ్వే ముందు చెయ్యి చాపేదానివి. "చూడు, నొప్పి లేదురా" అనేదానివి. ఆ తర్వాత అదే సూది నాకు.

అక్కా, నువ్వూ పరీక్ష చేయించుకో. ఉన్నట్టు వస్తే నాలాగా పారిపోవద్దు, రెండోది కూడా చేయించుకో. సెలవు అడిగాను, అనంతపురానికి నేనే తోడు వస్తాను. నాయనకు, బావకు నమస్కారాలు చెప్పు, చిన్నోడికి ముద్దులు. నీ దీవెన నామీద ఎప్పుడూ ఉండాలి.

ఈసారి ముందు చెయ్యి చాపింది నేను. నొప్పి లేదక్కా.

నీ తమ్ముడు,
రమణ