నిండు కప్పు

మంగళవారం రాత్రి

మా ఆయన వంట చేసే ఇంగ్లీషు దొర ఇంటికి ఈ రోజు కువైటీ పెద్దలు ఏదో ఒప్పందం మాట్లాడడానికి వచ్చారు. నన్ను కాఫీ పోయమన్నారు. మన ఇంట్లోలాగే మర్యాదగా కప్పు నిండా పోసి పెద్దాయనకు ఇచ్చాను. ఆయన దాన్ని కింద పెట్టి లేవబోయాడు.

“నిండా పోసినావేమే! ఈ కువైట్‌ల అట్ల పోస్తే లేచి పొమ్మన్నట్టు!” అని మా ఆయన చెవిలో అన్నాడు. మా ఆయన పని పోయిందనుకున్నాను.

దొర ఆ కప్పు తానే అందుకుని అరబ్బీలో ఏదో అన్నాడు. పెద్దాయన పగలబడి నవ్వాడు.

“మా ఇంగ్లీషువాళ్ళను మీరు ఈ దేశం నుంచి ఎప్పుడో పొమ్మన్నారు కదా, ఈ నిండు కప్పు నాదే” అన్నాడట దొర, మా ఆయన తర్వాత చెప్పాడు.

మన దేశాన్నీ ఏలినవాళ్ళే. ఇప్పుడు ఇలా నెగ్గుకొస్తారు కాబోలు.

ఒప్పందం కుదిరిందట. నన్ను రేపూ రమ్మన్నారు. సగానికి మించి పోయకూడదని ఇంట్లో కప్పులో నీళ్ళు పోసి చూసుకుంటున్నాను. చెయ్యి సగంలో ఆగడం లేదు...