రణపాల మీది దూది

ఏప్రిల్ 19, 2020
గదిలో నేనొక్కడినే. మిగతా ముగ్గురూ ఉగాదికని ఊరెళ్లి లాక్‌డౌన్‌తో అక్కడే చిక్కుకుపోయారు. పక్కగది పద్మక్క కూడా అంతే... పోతూ తాళం నా చేతిలో పెట్టింది. "తమ్మీ, మొక్కలు జర చూస్కో." ఒక కలబంద, ఒక జేడ్, రెండు రణపాలలు. అన్నీ నూనె డబ్బాల్లోనే.

ఏప్రిల్ 22
చిన్న రణపాల ఆకులు మెత్తబడి పసుపెక్కాయి. ఫొటో పంపాను. వెంటనే ఫోన్. "నీళ్లు రోజు పోస్తున్నవా ఏంది? అదేమన్న వరిమడా?" నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్నాళ్లకో నా నవ్వు నాకు వినిపించింది.

ఏప్రిల్ 25
జేడ్ ఆకుల మీద ఎండిన గోధుమరంగు మచ్చలు. "ఎండదెబ్బ. నీడకు జరుపు."

ఏప్రిల్ 30
ఆకుల సందుల్లో దూది. సూరత్‌లో ఈ వడోద్ గల్లీలో మగ్గాల దూది మామూలే, అన్నం మీద కూడా వాలుతుంది. బట్టలు దులిపే బ్రష్‌తో రోజూ దులుపుతున్నాను, నాలుగు డబ్బాలూ వరసగా.

మే 4
మళ్లీ దూది. ఇవాళ బ్రష్ పట్టుకుని ఆగిపోయాను. కరెంటు మగ్గాలు, మా సాంచలు, బంద్ అయి నెల దాటింది. కింద ఒక్క మగ్గమైనా ఆడటం లేదు. మరి దూది ఎక్కడిది?
గోటితో గీకాను. కాళ్లున్నాయి.

మే 5
"అవి పురుగులు తమ్మీ! బ్రష్ పెట్టినవా? అన్నిటికి నువ్వే అంటిచ్చినవ్." సిగ్గుతో చచ్చిపోయాను. పదేళ్లుగా బట్టలో తప్పుపోగు పట్టేవాణ్ని! పుల్లకు దూది చుట్టి, శానిటైజర్‌లో ముంచి, ఒక్కో పురుగునూ తుడవమంది.
రోజూ తొమ్మిదింటికి ఫోన్ చేస్తానంది.

మే 14
నాలుగు రోజులుగా ఒక్క పురుగూ లేదు. పెద్ద రణపాలకు కొత్త చిగురు.
"ఇంకా ఉన్నయ్ అక్కా" అన్నాను. పెద్దదాని పాత ఫొటో పంపాను. బాగైందంటే రేపు తొమ్మిదింటికి నాకెవరు చేస్తారు?

మే 16
మళ్లీ అదే అబద్ధం. వాళ్ల చెల్లె పెళ్లి ఆగిందట, ఊళ్లో నిన్న వాన పడిందట... హాయిగా విన్నాను.

మే 17
"పెద్దది ఇగ బాగుపడదు తమ్మీ. పీకి దూరంగ పారెయ్. లేకుంటే మిగిలినవి గూడ పోతయ్." సూరత్‌కు మొదటిసారి వచ్చేటప్పుడు వాళ్లమ్మ కొంగున కట్టి పంపిన ఆకు నుంచి మొలిచిందట అది. వాళ్లమ్మ ఇప్పుడు లేదు. నాకీ సంగతి ఇవాళే తెలిసింది.
"సరే అక్కా" అన్నాను.
ఫోన్ పెట్టేశాక రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. చెప్పాలి. చెప్పాక మళ్లీ తమ్మీ అంటుందా...
పీకేశాక ఖాళీ డబ్బా ఫొటో పంపమని ఇప్పుడే మెసేజ్ పెట్టింది.