ఫీజుల బోర్డుకు మూడు పూతలు

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

కాలేజీలు ఇంతకు మించి ఫీజు తీసుకోకూడదని చట్టం వచ్చింది. కొత్త ఫీజుల బోర్డు రాసే పని మా పెయింటింగ్ షాపుకే వచ్చింది. అదీ నేను ఫీజు కట్టలేక మానేసిన కాలేజీలోనే! తెల్లరంగు రెండు పూతలు వేసినా పాత అంకె లోపల్నుంచి కనబడుతూనే ఉంది. ఉండబట్టలేక, ఈ తగ్గిన ఫీజుకు నన్ను మళ్లీ చేర్చుకుంటారా అని కాలేజీ గుమాస్తాను అడిగాను.

"కొత్తగా చేరేవాళ్లకే బాబూ, మధ్యలో మానేసినవాళ్లకు కాదు" అన్నాడు.

మూడో పూత వేశాను.

నాన్న దగ్గు తగ్గిందా? పాత చొక్కాలు రెండు పంపు, ఇక్కడున్నవన్నీ రంగు మరకలే. చెల్లిని ఇక కుట్టుపనికి పంపొద్దు, కాలేజీలో చేర్పించండి. అటక మీది నా పుస్తకాలు దించి దానికివ్వు.

నాన్నకు నమస్కారాలు, చెల్లికి దీవెనలు. పుస్తకాల మీద నా పేరు కనబడకుండా కాగితం అంటించి, తన పేరు రాసుకోమను.

నీ పెద్దాడు